నూనెలో ఖాళీ సీట్ల లెక్క

ఒక నూనె చలికి గడ్డకడుతుంది, ఒకటి ధారగా కారుతుంది, ఇంకొకటి గాలికి ఎండి పొర కడుతుంది. ఈ తేడాను ఒక్క అంకెలో చెప్పే పరీక్ష 1884లో పుట్టింది. ఇప్పటికీ నూనెల ల్యాబుల్లో దానికి పని ఉంది.

ధనుర్మాసం చలికి కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. వేన్నీళ్ల గిన్నెలో పెడితే గాని తలకు రాసుకోవడానికి రాదు. అదే అలమరలో పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం ఎప్పటిలాగే కారుతుంది. చెక్క తలుపులకు పూసే అవిసె నూనెది మరో తీరు. పలుచగా పూసి వదిలేస్తే కొన్ని రోజుల్లో ఎండి, గోటితో గీకినా ఊడనంత గట్టిగా పట్టుకుంటుంది. మూడూ మొక్కల నుంచి వచ్చినవే. మూడింటి నిర్మాణమూ దాదాపు ఒకటే. మరి ఒకటి గడ్డకట్టడానికి, ఒకటి కారడానికి, ఒకటి ఎండిపోవడానికి కారణం ఏమిటి?

దీనికి జవాబు నూనె అణువుల్లో ఉండే ఒక చిన్న ఖాళీలో ఉంది. ఆ ఖాళీలను లెక్కపెట్టే పద్ధతి తెలిస్తే వంటింటి చిక్కుతో పాటు నూనె వ్యాపారంలోని ఎన్నో చిక్కులు విడిపోతాయి. ఆ వ్యాపారాన్ని దగ్గరగా చూడాలంటే తమిళనాడులోని విరుదునగర్, కోవిల్‌పట్టిల కంటే మంచి చోటు దొరకదు.

నల్లరేగడి నేల, నూనె ఊళ్లు

ఆదిలాబాద్ జిల్లాలో తెలంగాణలోకి అడుగుపెట్టే 44వ జాతీయ రహదారి హైదరాబాద్, కర్నూలు, అనంతపురం దాటి దక్షిణానికి దిగుతుంది. మదురై తర్వాత విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టిల మీదుగా కన్యాకుమారికి చేరుతుంది. విరుదునగర్ నూనెలకు, పప్పులకు, మిరపకాయలకు పేరున్న టోకు మార్కెట్. ఇక్కడి ధరలను తమిళ పత్రికలు విడిగా ప్రచురిస్తాయి. నూనె ధర 15 కిలోల డబ్బా లెక్కన ఉంటుంది. నువ్వుల నూనెలో పేరుమోసిన ‘ఇదయం’ బ్రాండు ఈ ఊరిదే.

అక్కడి నుంచి ఇంకాస్త దక్షిణంగా వెళితే కోవిల్‌పట్టి. వేయించిన వేరుశనగ పప్పును బెల్లం పాకంలో పోసి చేసే ‘కడలై మిఠాయి’ ఈ ఊరి సొత్తు. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. విరుదునగర్ జిల్లాలోనే శివకాశి ఉంది. క్యాలెండర్లు, డైరీలు అచ్చేసే ప్రెస్సులు అక్కడ వీధివీధికీ కనిపిస్తాయి. ఆ ప్రెస్సుల్లో వాడే సిరాలకు గాలికి ఎండే నూనెలతో అవసరం.

ఈ నల్లరేగడి సీమలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో అలాంటి కుటుంబంలోనే పుట్టిన కి. రాజనారాయణన్, తెలుగు సీమ నుంచి వలస వచ్చి ఇక్కడ అడవి కొట్టి సేద్యం మొదలుపెట్టినవారి జీవితాన్ని తమిళ నవలలుగా రాశారు. వాటిలో ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. వానను నమ్ముకున్న ఈ నేలలో పత్తి పండుతుంది, నువ్వు పండుతుంది, చుట్టుపక్కల వేరుశనగ కూడా పండుతుంది. మూడూ నూనె ఇచ్చే పంటలే. గింజ మారితే నూనెలోని ఖాళీల లెక్కా మారుతుంది.

ఖాళీ అంటే ఏమిటి?

నూనె అణువుకు గ్లిజరాల్ ఆధారం. దానికి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. ఒక్కో కొవ్వు ఆమ్లం ఒక కార్బన్ గొలుసు. మనం వంటకు వాడే చాలా నూనెల్లో దీని పొడవు 16 లేదా 18 కార్బన్లు.

ఈ గొలుసును ఒక బస్సు అనుకుందాం. కార్బన్‌కు నాలుగు బంధాలు ఉంటాయి. రెండు అటూ ఇటూ ఉన్న కార్బన్లకు పోతే, మిగతా రెండింటినీ హైడ్రోజన్లు పట్టుకుంటాయి. గొలుసు పొడవునా ఇలాగే ఉంటే బస్సులో సీట్లన్నీ నిండినట్టు. అదే సంతృప్త కొవ్వు ఆమ్లం. కొన్నిచోట్ల పక్కపక్కనున్న రెండు కార్బన్ల దగ్గర ఒక్కో హైడ్రోజన్ తక్కువవుతుంది. అప్పుడు ఆ రెండు కార్బన్లూ మిగిలిన బంధాన్ని తమలో తామే కలుపుకుంటాయి. ఇది ద్విబంధం. ఎవరైనా వస్తే ఈ అదనపు బంధం తెరుచుకుని ఒక్కో కార్బన్ దగ్గర ఒక్కరికి చోటిస్తుంది. అంటే ఒక ద్విబంధం ఇద్దరు కూర్చునే ఒక ఖాళీ సీటు. ఇలాంటి ఖాళీలున్న ఆమ్లాలే అసంతృప్త కొవ్వు ఆమ్లాలు. ఒలీయిక్ ఆమ్లంలో ఇలాంటి సీటు ఒకటి, లినోలీయిక్ ఆమ్లంలో రెండు, లినోలెనిక్ ఆమ్లంలో మూడు.

సహజమైన నూనెల్లో ద్విబంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది. వంగిన గొలుసులు ఒకదాని పక్కన ఒకటి బిగుతుగా సర్దుకోలేవు. అందుకే ఖాళీలు ఎక్కువున్న నూనె చలిలోనూ కారుతూనే ఉంటుంది. కొబ్బరినూనెలో దాదాపు 90 శాతం సంతృప్త ఆమ్లాలే. ఆ తిన్నని గొలుసులు 24 డిగ్రీల దగ్గరే సర్దుకుని గట్టిపడతాయి. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. కొబ్బరినూనెలో సగం దాకా ఉండే లారిక్ ఆమ్లం 12 కార్బన్ల పొట్టి గొలుసు. గొలుసులు ఇంత పొట్టివి కాకపోయి ఉంటే కొబ్బరినూనె నడివేసవిలోనూ కరిగేది కాదు.

ఖాళీలను ఎలా లెక్కపెడతారు?

ద్విబంధాలు సూక్ష్మదర్శినిలోనూ కనిపించవు. వాటిని లెక్కపెట్టడానికి ఒక ఉపాయం ఉంది. ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో తెలియని బస్సులోకి, లెక్కపెట్టిన జనాన్ని కావాలనే ఎక్కువగా పంపాలి. నిలబడి ప్రయాణం ఒప్పుకోకూడదు. సీటు దొరకక దిగిపోయినవాళ్లను లెక్కపెడితే ఎంతమంది కూర్చున్నారో తెలిసిపోతుంది.

నూనెలో ప్రయాణికుడి పాత్ర అయొడిన్‌ది. 1811లో సముద్రపు నాచు బూడిద నుంచి దీన్ని మొదట వేరు చేసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన బెర్నార్ కూర్ట్వా. 1884లో ఆస్ట్రియా సైనికాధికారి, రసాయనవేత్త ఆర్థర్ ఫాన్ హ్యూబ్ల్ నూనెల పరీక్షకు దీన్ని వాడే పద్ధతిని ప్రకటించాడు. వంద గ్రాముల నూనె పట్టుకోగల అయొడిన్ ఎన్ని గ్రాములో, అదే ఆ నూనె అయొడిన్ విలువ.

అయొడిన్‌ను ఒంటరిగా పంపితే చిక్కు వస్తుంది. అది సీట్లో నెమ్మదిగా కూర్చుంటుంది, కూర్చున్నది మళ్లీ లేచిపోతుంది కూడా. హ్యూబ్ల్ దానికి తోడుగా పాదరస క్లోరైడ్‌ను వాడాడు. 1898లో డచ్చి రసాయనవేత్త వైస్, ఒక అయొడిన్, ఒక క్లోరిన్ జంటగా ఉండే అయొడిన్ మోనోక్లోరైడ్‌ను గాఢ ఎసిటిక్ ఆమ్లంలో కలిపి వాడాడు. ఈ జంట చప్పున ద్విబంధంలో చేరి అక్కడే ఉండిపోతుంది. 1901లో ప్రాగ్‌లో హానుష్ క్లోరిన్‌కు బదులు బ్రోమిన్‌ను పెట్టాడు. నేడు ల్యాబుల్లో ఎక్కువగా కనిపించేది వైస్ పద్ధతే.

ల్యాబు బల్ల దగ్గర

వేరుశనగ నూనెను పరీక్షిస్తే ఏం జరుగుతుందో చూద్దాం. గాజు మూత ఉన్న కుప్పెలో పావు గ్రాము నూనెను తూచి, ద్రావణిలో కరిగిస్తారు. దానికి పిపెట్‌తో కచ్చితంగా 25 మిల్లీలీటర్ల వైస్ ద్రావణం కలుపుతారు. అది ముదురు గోధుమ రంగులో ఉంటుంది. మూత బిగించి కుప్పెను అరగంట చీకట్లో ఉంచుతారు. వెలుతురు తగిలితే క్లోరిన్, అయొడిన్ ఖాళీ సీట్లతో ఆగక, అప్పటికే కూర్చున్న హైడ్రోజన్లను లేపి ఆ చోట్లలో చేరతాయి. అప్పుడు లెక్క పెరిగిపోతుంది. అవిసె నూనె లాంటి వాటికి గంట టైము ఇస్తారు.

తర్వాత పొటాషియం అయొడైడ్ ద్రావణం, నీళ్లు పోస్తారు. సీటు దొరకని జంటలన్నీ ఇప్పుడు మామూలు అయొడిన్‌గా మారిపోతాయి. బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా పడే సోడియం థయోసల్ఫేట్ ఈ అయొడిన్‌ను లెక్కగా తినేస్తుంది. గోధుమ రంగు తేలికపడి, గడ్డి రంగుకు దిగుతుంది. సరిగ్గా అప్పుడే కాసిని చుక్కల స్టార్చ్ గంజి వేస్తారు. కుప్పె ఒక్కసారిగా నల్లటి నీలంగా మారుతుంది. గంజి ముందే వేస్తే ఎక్కువ అయొడిన్ దాన్ని గట్టిగా పట్టుకుని వదలదు, లెక్క తప్పుతుంది.

ఇక్కడే చేతికి ఓపిక కావాలి. పైన నీళ్ల పొర తేలికపడినా, అడుగున ద్రావణి పొరలో కొంత అయొడిన్ ఊదా రంగుతో నక్కి ఉంటుంది. మూత పెట్టి గట్టిగా కుదిపితే అది పైకి వస్తుంది, పోయిందనుకున్న నీలం మళ్లీ కనిపిస్తుంది. ఇంకో చుక్క, మళ్లీ కుదుపు. చివరి చుక్కకు నీలం పూర్తిగా పోయి మళ్లీ రాదు. అప్పుడు బ్యూరెట్‌లో గీత చూసి రాసుకుంటారు.

అదే రోజు అదే ద్రావణంతో, నూనె వేయకుండా రెండో కుప్పెలో పని అంతా మళ్లీ చేస్తారు. దీన్ని బ్లాంక్ అంటారు. బస్సు లేకుండా పంపిన జనమంతా తిరిగి వచ్చినట్టు, ఇక్కడ అయొడిన్ అంతా మిగిలిపోతుంది. రెండింటి తేడాయే నూనె పట్టుకున్న అయొడిన్.

బాక్స్ 1: ఒక లెక్క

బ్లాంక్‌కు 50.0 మి.లీ. థయోసల్ఫేట్ పట్టింది అనుకుందాం. నూనె ఉన్న కుప్పెకు 31.9 మి.లీ. పట్టింది. తేడా 18.1 మి.లీ.

ల్యాబులో వాడే గాఢత వద్ద ఒక మి.లీ. థయోసల్ఫేట్ 0.01269 గ్రాముల అయొడిన్‌కు సమానం. కాబట్టి పావు గ్రాము నూనె పట్టుకున్న అయొడిన్ దాదాపు 0.23 గ్రాములు.

వంద గ్రాములకు లెక్క కావాలంటే దీన్ని 400 రెట్లు చేయాలి. జవాబు సుమారు 92.

బ్యూరెట్ చదవడంలో 0.1 మి.లీ. తేడా వస్తే జవాబు అర యూనిట్ మారిపోతుంది. అందుకే పరీక్షను రెండు మూడుసార్లు చేసి సరిచూస్తారు.

బాక్స్ 2: ఏ నూనెకు ఎంత?

భారత ఆహార ప్రమాణాల్లో చాలాకాలంగా ఉన్న పరిధులు ఇవి:

కొబ్బరి నూనె: 7.5–10
పామోలిన్: 54–62
వేరుశనగ నూనె: 85–99
తవుడు నూనె: 90–105
పత్తిగింజల నూనె: 98–112
నువ్వుల నూనె: 103–120
పొద్దుతిరుగుడు నూనె: 100–145
అవిసె నూనె: కనీసం 170

ఎండే నూనె కథ

పట్టికలో చివరనున్న అవిసె నూనె మొదటి చిక్కులో మూడో ముడిని విప్పుతుంది. అందులో లినోలెనిక్ ఆమ్లం ఎక్కువ. గాలిలోని ఆక్సిజన్ ఈ ద్విబంధాల పక్కన చేరి, ఒక అణువును పక్క అణువుతో కలుపుతూ పోతుంది. కొన్నాళ్లకు అణువులన్నీ ఒకే వలగా అల్లుకుని గట్టి పొర అవుతాయి. తలుపుకు మెరుగు ఇచ్చేది ఇదే. ప్రెస్సులో ఎండే నూనెలతో చేసిన సిరా కాగితం మీద ఆరి నిలబడటం వెనకా ఇదే పని ఉంది. శివకాశికి వరమైన ఈ గుణమే వంటింట్లో, మిఠాయి దుకాణంలో శాపం. అక్కడ ఆక్సిజన్ చేరితే పొర కట్టేలోపే పాత నూనె వాసన వస్తుంది.

సరైన అంకె, తప్పుడు నూనె

వేరుశనగ నూనె అని ఇచ్చిన నమూనాకు 92 వచ్చింది. అది అసలైనదేనా? చెప్పలేం. 58 ఉన్న పామోలిన్, 130 ఉన్న పొద్దుతిరుగుడు నూనె దాదాపు సగం సగం కలిపితే సగటు 92 దగ్గరికి వస్తుంది. ఆ సీసాలో ఒక్క వేరుశనగ గింజ నూనె కూడా లేకపోవచ్చు. నువ్వుల నూనెలో పత్తిగింజల నూనె కలిపినా ఇంతే. రెండింటి పరిధులు చాలావరకు ఒకదానిమీద ఒకటి పడతాయి. అయొడిన్ విలువ మొత్తం ఖాళీ సీట్ల సంఖ్యను చెబుతుంది. ఆ ఖాళీలు ఏ బస్సులో ఉన్నాయో చెప్పదు.

అందుకే దానికి తోడు పరీక్షలు కావాలి. వేరుశనగ నూనెలో 20 నుంచి 24 కార్బన్ల పొడవైన సంతృప్త గొలుసులు కొన్ని ఉంటాయి. నూనెను క్షారంతో విడగొట్టి, ఆమ్లం కలిపిన ఆల్కహాల్ ద్రావణాన్ని చల్లారిస్తే 39–41 డిగ్రీల దగ్గర ఇవి మబ్బులా తేలతాయి. దీన్ని బెల్లియర్ పరీక్ష అంటారు. ఫర్ఫ్యూరాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో నువ్వుల నూనె ఎర్రబడితే అది బౌడోయిన్ పరీక్ష. పత్తిగింజల నూనెను పట్టేది హాల్ఫెన్ పరీక్ష.

బౌడోయిన్ పరీక్షను మన చట్టం తెలివిగా వాడుకుంది. వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని నియమం పెట్టారు. ఎవరైనా నెయ్యిలో వనస్పతి కలిపితే ఎర్ర రంగు వచ్చి పట్టుబడుతుంది.

ఇప్పుడు గ్యాస్ క్రొమటోగ్రఫీ వచ్చింది. కొవ్వు ఆమ్లాలను ఆవిరయ్యే రూపంలోకి మార్చి పొడవైన సన్నని గొట్టంలోంచి పంపితే, ఒక్కొక్కటి ఒక్కో సమయానికి బయటికి వస్తుంది. ఏ ఆమ్లం ఎంతుందో విడివిడిగా తెలుస్తుంది. నువ్వుల నూనెలో పామిటిక్ ఆమ్లం సుమారు 9 శాతం అయితే, పత్తిగింజల నూనెలో అది 20 శాతం దాటుతుంది. అయొడిన్‌కు అందని కల్తీ ఇక్కడ దొరుకుతుంది.

అయొడిన్ విలువ చెప్పలేనిది ఇంకొకటి ఉంది. నికెల్ సాయంతో నూనెకు హైడ్రోజన్ పట్టించి వనస్పతి చేసేటప్పుడు సీట్లు నిండుతాయి, విలువ తగ్గుతుంది. కానీ కొన్ని ద్విబంధాలు నిండకుండా ఆకారం మార్చుకుని, గొలుసును తిన్నగా చేస్తాయి. అవే ట్రాన్స్ కొవ్వులు. గుండెకు చెడు చేసేవి ఇవే. పరీక్షలో అవి కూడా మామూలు ఖాళీ సీట్లలాగే లెక్కకొస్తాయి. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి దేశంలో నియమం ఉంది. దాన్ని పట్టడానికి వేరే పరీక్షలే కావాలి.

మిఠాయి ఎన్నాళ్లు నిలుస్తుంది?

వేరుశనగ పప్పు బరువులో దాదాపు సగం నూనె. కడలై మిఠాయి కోసం పప్పును వేయించి, పొట్టు తీసి, బద్దలు చేస్తారు. బద్ద విరిగిన ప్రతిచోటా నూనె గాలికి తగులుతుంది. బెల్లం పాకం కొంత కప్పుతుంది. అయినా పొట్లం విప్పి వదిలేస్తే కొన్నాళ్లకు పప్పు ముక్కిపోయిన వాసన వేస్తుంది.

ఖాళీ సీట్లు ఎక్కువుంటే నూనె త్వరగా పాడవుతుందని మామూలుగా అంటారు. అది సగం నిజం. రెండు ద్విబంధాల మధ్య చిక్కుకున్న కార్బన్ దగ్గర హైడ్రోజన్ చాలా వదులుగా ఉంటుంది. ఆక్సిజన్ దెబ్బ మొదట పడేది అక్కడే. లినోలీయిక్ ఆమ్లంలో అలాంటి చోటు ఉంది, ఒలీయిక్‌లో లేదు. అందుకే ఖాళీలు రెట్టింపే అయినా లినోలీయిక్ ఆమ్లం పాడయ్యే వేగం పది రెట్లు దాటుతుంది. ఎన్ని సీట్లు ఖాళీ అన్నదానికంటే, అవి ఒకే బస్సులో దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం.

నువ్వుల నూనె ఇంకో ఆశ్చర్యం. దాని అయొడిన్ విలువ వేరుశనగ కంటే ఎక్కువ. అయినా పచ్చళ్లలో నెలల తరబడి చెడకుండా నిలుస్తుంది. సెసమిన్, సెసమోలిన్, సెసమాల్ అనే సహజ రక్షకాలు అందులో ఉన్నాయి. సెసమాల్ ఆక్సిజన్ దాడిని మొదట్లోనే అడ్డుకుంటుంది. ఈ కాపలా సంగతి అయొడిన్ విలువకు తెలియదు.

మిఠాయి నిల్వకు దారి ఇప్పుడు పొలం నుంచే తెరుచుకుంటోంది. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని భారత వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి గిర్నార్–4, గిర్నార్–5 అనే రకాలను తెచ్చాయి. వీటి నూనెలో ఒలీయిక్ ఆమ్లం 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మామూలు రకాల్లో అది సగానికి అటూ ఇటూ. లినోలీయిక్ బాగా తగ్గిపోవడంతో పప్పు, మిఠాయి చాలా ఎక్కువ కాలం తాజాగా ఉంటాయి. లెక్క వేస్తే ఈ నూనె అయొడిన్ విలువ 77 దగ్గర తేలుతుంది. అంటే 85 దాటాలన్న పాత పరిధితో చూస్తే, మేలైన స్వచ్ఛమైన నూనె కల్తీలా కనిపిస్తుంది. విత్తనం మారినప్పుడు ప్రమాణాలూ దానికి తగ్గట్టు మారాలి.

బాక్స్ 3: లేబుల్‌తో మీరే చూడండి

నూనె ప్యాకెట్ మీద వంద గ్రాముల్లో మ్యూఫా ఎన్ని గ్రాములు, ప్యూఫా ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. ఒక ద్విబంధం ఉన్నవి మ్యూఫా, ఒకటికి మించి ఉన్నవి ప్యూఫా. మ్యూఫా అంకెను 0.86తో, ప్యూఫా అంకెను 1.73తో గుణించి కలపండి. కొబ్బరినూనెకు 6, 2 అని ఉంటే జవాబు 8.6. బాక్స్ 2లోని పరిధిలోనే ఉంది. ఇది లేబుల్‌లోని అంకెలు పొందికగా ఉన్నాయో లేదో చెబుతుంది. సీసాలో నిజంగా ఏముందో ల్యాబే చెప్పాలి.

ఊరి ల్యాబు, ఊరి గానుగ

నూనెను వెలుతురు తగలని చోట, మూత బిగించి, అవసరానికి సరిపడా మాత్రమే కొనుక్కుని ఉంచుకోవడం ఇంటివాళ్లు చేయగల పని. మిఠాయి చేసేవాళ్లు పప్పు కొనేటప్పుడు ధర, గింజ సైజుతో పాటు ఒలీయిక్ శాతం కూడా అడగాలి. నూనె వ్యాపారులు నివేదికలో అయొడిన్ విలువ ఒక్కటే చూసి సరుకు దించుకోకూడదు. పక్కన పెరాక్సైడ్ విలువ, కొవ్వు ఆమ్లాల విడి లెక్క కూడా కావాలి. పెరాక్సైడ్ విలువ ఆక్సిజన్ దాడి ఇప్పటికే ఎంత సాగిందో చెబుతుంది. దాన్ని కొలిచేదీ ఇదే పొటాషియం అయొడైడ్, ఇదే థయోసల్ఫేట్, ఇదే బ్యూరెట్‌తో.

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో అయొడిన్ విలువ కట్టడం కాలేజీ పిల్లలకు కొత్తేమీ కాదు. చాలాచోట్ల ఆ పరీక్ష రికార్డు పుస్తకంలో మార్కుల కోసమే మిగిలిపోతుంది. విరుదునగర్, కోవిల్‌పట్టి కాలేజీల్లోనూ, ఇదే రహదారి మీది అనంతపురం, కర్నూలు కాలేజీల్లోనూ ఆ పిల్లలకు ఊరి గానుగ నూనెనే నమూనాగా ఇవ్వవచ్చు. అయొడిన్, పెరాక్సైడ్ విలువలు కాలేజీలోనే కట్టి, అనుమానం వచ్చిన నమూనాను మాత్రమే క్రొమటోగ్రఫీ ఉన్న పెద్ద ల్యాబుకు పంపితే ఖర్చు కూడా తక్కువే. గానుగ యజమాని ఆ ఫలితాలను ధరల బోర్డు పక్కనే తగిలిస్తే, కొనేవారు రంగూ వాసనా చూసి ఊహించుకోవలసిన పని తప్పుతుంది. నిజాయితీగా నూనె ఆడేవారికి కూడా దానికి తగ్గ ధర దక్కుతుంది.